పీహెచ్‌డీ మీద ఎల్‌ఎల్‌బీ

ఆఫీసుకు వెళ్ళగానే మా మందు పేటెంట్ దరఖాస్తు మీద చెన్నై పేటెంట్ ఆఫీసు పంపిన ఎగ్జామినేషన్ రిపోర్టు ముందేసుకున్నాను. జవాబుకు ఆరు నెలల గడువు. అభ్యంతరం ఏమిటో తెరవకముందే తెలుసు: పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి). తెలిసిన మందుకే కొత్త స్ఫటిక రూపం తయారుచేస్తే చాలదు, దాని సామర్థ్యం చెప్పుకోదగ్గంతగా పెరిగిందని చూపించాలి.

ఇంతలో ల్యాబ్ నుంచి కుర్రాడు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష) గ్రాఫు పట్టుకొచ్చాడు. "చూడండి మేడమ్, ఈ పీకులు పాత ఫారంలో అసలు లేవు. సాల్యుబిలిటీ కూడా రెట్టింపు!" ఆ సంబరం నాకు తెలియనిది కాదు. పీహెచ్‌డీలో ఒక్క క్రిస్టల్ కోసం ఫ్లాస్కుల ముందు కాపలా కాసినదాన్నే. కానీ గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసు చెప్పక తప్పలేదు. మందు విషయంలో సామర్థ్యమంటే వైద్యపరమైన సామర్థ్యమేనని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ మందు కంపెనీ నోవార్టిస్ వాళ్ళు దాని బీటా స్ఫటిక రూపానికి బయోఅవైలబిలిటీ (మందు రక్తంలోకి చేరే పాళ్ళు) 30 శాతం పెరిగిందన్నా, అందువల్ల రోగికి ఎక్కువ గుణం కనిపించిందనడానికి ఆధారమేదంది.

"అయితే మా పీకులు?"

"కొత్తదని చూపించడానికి పనికొస్తాయి. జంతువుల మీద చేసిన డేటా ఏమైనా ఉందా?"

మొహం వేలాడేసుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్. "పేరు ముందు డాక్టర్ ఉందిగా, ఇంకా ఎన్నాళ్ళే ఈ చదువు?" అడగడంలో తప్పులేదు. పేటెంట్ దరఖాస్తులు చూసే ఈ పనికి లా డిగ్రీ అక్కర్లేదు. సైన్సు డిగ్రీ ఉండి పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసైతే చాలు, చట్టం పీహెచ్‌డీ కూడా అడగదు. అయితే 2021లో పేటెంట్ అప్పీళ్ళు వినే బోర్డు రద్దయింది. చెన్నై ఆఫీసు కాదన్న దరఖాస్తు మీద ఇప్పుడు మద్రాసు హైకోర్టుకే వెళ్ళాలి. అక్కడ ఏజెంటు లేచి వాదించడానికి లేదు, లాయరు కావాలి. ఆ లాయరుకు పాలిమార్ఫ్ (ఒకే పదార్థపు మరో స్ఫటిక రూపం) అంటే ఏమిటో ప్రతి కేసుకూ మొదటినుంచీ చెప్పుకురావాలి. ఆ విసుగే నన్ను లా కాలేజీలో చేర్చింది.

సాయంత్రం కాంట్రాక్ట్స్ క్లాసు. మోహరీ బీబీ కేసు, 1903. మైనరుతో ఒప్పందం చెల్లదు. "ఇది సెటిల్డ్ లా" అన్నారు మాస్టారు. మళ్ళీ చేసి చూశారా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ల్యాబ్ బుద్ధి! పక్క బెంచీ అబ్బాయి ఆంటీ అనాలో మేడమ్ అనాలో తేలక, చివరికి "అక్కా, నోట్స్ ఇస్తారా" అన్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం ఫుల్‌టైమ్ జీతగాళ్ళు వకీలుగా ప్రాక్టీసు చేయకూడదు. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగమో నల్లకోటో తేల్చుకోవాలి. జీతం ఆగితే ఈఎంఐ ఎలాగని రాత్రి ఆయన అడిగారు.

"ముందు ఫస్ట్ సెమిస్టర్ పాసవనివ్వండి" అన్నాను.

నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.