మండువా మీద స్లాబ్ వేయనివ్వలేదు: విశాఖలో ఇల్లు కట్టించిన నా అనుభవం

మధురవాడలో మా ఇల్లు పూర్తయింది. పోయిన వారమే గృహప్రవేశం చేసుకున్నాం, ఇంకా పెయింటు వాసన కూడా పోలేదు. పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కలిపి ఇల్లు కట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. వాళ్ళకి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

స్థలం మా మామగారు ఎప్పుడో కొన్నదే. మట్టి పరీక్ష, బ్యాంకు లోను ఏ గొడవా లేకుండా అయిపోయాయి.

కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. పెంకుల మీద పడ్డ వాన నాలుగు వైపుల నుంచీ లోపలికే జారి మండువాలో పడేది. మా ఇంట్లో మండువా ఉండాలన్నది నా పట్టుదల. మిగతాదంతా ఇప్పటి ఇల్లే: కాంక్రీటు పిల్లర్లు, మాడ్యులర్ కిచెన్, ప్రతి బెడ్‌రూమ్‌కీ బాత్‌రూమ్. మొదట కలిసిన ఆర్కిటెక్ట్ వీధి వైపు నాలుగు చెక్కుడు స్తంభాలు, రెండు వరసల పెంకులు అంటించి "ట్రెడిషనల్ లుక్ వచ్చేసింది" అన్నాడు. లోపల చూస్తే మామూలు ఫ్లాటే. అలాంటివాళ్ళకి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంటే, కిటికీల్లోంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. విశాఖ ఉక్కపోతలో మనిషికి కావలసింది ఆ గాలి. రెండో ఆర్కిటెక్ట్ చిన్నమ్మాయి, కానీ ఆ సంగతి చెప్పకుండానే పట్టుకుంది.

ఇక ప్లాన్ అప్రూవల్. దాని గురించి రాయాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఆన్‌లైన్‌లో ప్లాన్ పెట్టగానే షార్ట్‌ఫాల్, అంటే ఏదో లోపం ఉందని తిప్పి పంపారు. ఎందుకో అర్థమయ్యేలా ఒక్క ముక్క లేదు. ప్లాన్ గీసి సంతకం పెట్టిన లైసెన్స్డ్ ఇంజినీరుని అడిగితే, "ఆ ఓపెనింగ్ తీసేసి స్లాబ్ చూపిద్దాం మేడమ్. ఓసీ వచ్చాక కోయించేసుకోండి" అన్నాడు. ఓసీ అంటే ఇల్లు పూర్తయ్యాక, అందులో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్. వేసిన స్లాబుని, లోపలి ఊచలతో సహా కోయడమట! ఇంటి మీద బతుకంతా పెట్టుబడి పెట్టినవాళ్ళకి చెప్పే సలహా ఇదేనా?

నేనే ఆఫీసుకి వెళ్ళాను, తోడుగా మా తమ్ముడు వచ్చాడు. సీట్లో ఉన్నాయన వాడికి కుర్చీ చూపించి, నన్ను నిలబెట్టే మాట్లాడాడు. అదీ నాతో కాదు, వాడితో. "ఏసీలు పెట్టుకునే రోజుల్లో ఇంటి మధ్యలో ఈ కన్నం ఎందుకండీ? ఆడవాళ్ళు ఫోన్లో ఏవో ఫొటోలు చూస్తారు, మనం డబ్బు తగలేయాలి. రేపు వాన పడితే ఈవిడే తిట్టుకుంటుంది." వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠం చెబుతున్నదాన్ని, గొంతు పూడుకుపోయి ఒక్క మాట రాలేదు.

ఆ రాత్రి ఆర్కిటెక్ట్ అమ్మాయి నేషనల్ బిల్డింగ్ కోడ్, అంటే కట్టడాలకి దేశమంతటికీ రాసిన ప్రమాణాల పుస్తకం, తెరిచి చూపించింది. బయటి ఖాళీ స్థలం వైపు లేకుండా, లోపలి ఖాళీ మీదే గాలి వెలుతురుకి ఆధారపడే గది ఉంటే, ఆ ఖాళీ కనీసం 3 మీటర్ల వెడల్పు ఉండాలి. ఇంజినీరు గీసింది 9 అడుగులు, అంటే 2.74 మీటర్లు. ఇంతే! హాల్లోంచి ఒక అడుగు తీసి మండువాని 10 అడుగులు చేయించాం. కోడ్‌లోని ఆ పేజీ ప్రింటు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి తమ్ముణ్ణి రావద్దన్నాను. కుర్చీ నేనే లాక్కుని కూర్చుని, ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివాడు, ఏమీ అనలేదు. ప్లాన్ పాసయింది. అక్కచెల్లెళ్ళకి చెబుతున్నాను: మీ ఇంటి ప్లాన్ చదవడం మీరే నేర్చుకోండి. కొలతలు తెలిసిన మనిషిని ఎవరూ నిలబెట్టి మాట్లాడలేరు.

కట్టుబడి దానితో పోలిస్తే తేలిక. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళం కాబట్టి వాసాల మీద పెంకులు వేయలేదు. వాలుగా కాంక్రీటు స్లాబు పోసి, దాని మీద మంగుళూరు పెంకులు పరిచి, స్క్రూలతో బిగించాం. అమలాపురం వైపు పాత ఇల్లు విప్పుతుంటే నాలుగు టేకు స్తంభాలు కొన్నాం. అవి వసారా బరువు మాత్రమే మోస్తాయి. అడుగున రాతి దిమ్మలు పెట్టించాం, లేకపోతే చెమ్మ తగిలి చివికిపోతాయి, చెదలు కూడా పడతాయి. మండువా నేల ఇంటి నేల కన్నా అరడుగు పల్లం. రెండు మూలల్లో నాలుగంగుళాల పైపులు, వాటి మీద జాలీలు, నీళ్ళన్నీ ఇంకుడు గుంతలోకి. టైల్స్ వేయకముందే ట్యాంకర్ తెప్పించి నీళ్ళు వదిలి చూశాం. మేస్త్రీ వద్దన్నా వినకండి, ఆ పరీక్ష చేయించి తీరాలి. మొన్న జోరు వాన పడితే ఒక్క చుక్క హాల్లోకి రాలేదు. ఆ సీటాయన వచ్చి చూడాల్సింది.

మండువా పైన దొంగల భయానికి గ్రిల్ తప్పదు. మామూలు ఇనుము ఉప్పుగాలికి ఎన్నాళ్ళో ఆగదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా 304 రకానికి సముద్రం దగ్గర తుప్పు మచ్చలు వస్తాయి, 316 రకమే తీసుకోండి. ధర ఎక్కువే. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి కాబట్టి, గ్రేడ్ నంబరు బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.