లేఖలో నాది, లాగిన్‌లో కంపెనీది

ఉద్యోగం పోయిన 23వ రోజు రాత్రి, డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంటులో, ఒక ఇంటర్వ్యూ పరీక్షకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించబోతే తెర మసకబారి, మధ్యలో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అడ్మినిస్ట్రేటర్, అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం ఉన్న ఖాతా పేరూ పాస్‌వర్డూ ఇమ్మని అడిగింది. నా పాస్‌వర్డ్ ఇచ్చాను, ఒప్పుకోలేదు. మళ్లీ ఇచ్చాను. లేఆఫ్ చేసిన వాళ్లందరినీ ల్యాప్‌టాప్‌లు ఉంచుకోమని కంపెనీ చెప్పింది, ఆ మాట రాసిన లేఖ నా సొరుగులోనే ఉంది. అయినా అందులో ఒక్క ప్రోగ్రామైనా చేర్చుకునే హక్కు నాకు లేదని ఆ రాత్రే తెలిసింది.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకన్నా ముందే ముగిసిపోతే ఆ తేదీ వరకే. ఆలోపు మరో కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసా హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. మా ఇంట్లో ఉన్న ఇంకో కంప్యూటరు అమ్మాయికి బడి వాళ్లిచ్చిన క్రోమ్‌బుక్, దానికి బడి వాళ్ల తాళం ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి డబ్బు లేక కాదు గాని, జీతం ఆగిన ఇంట్లో అద్దె కట్టాక మిగిలిన ప్రతి డాలరునూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటాం.

మా తోడల్లుడు ఫోన్లో విని, “పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాస్‌వర్డ్ మార్చేయొచ్చు బావగారూ, వీడియోలు చాలా ఉన్నాయి” అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు. కానీ ఆ డిస్క్ మొత్తం విండోస్‌లోని బిట్‌లాకర్ అనే తాళంతో గుప్తీకరించి ఉంది, 48 అంకెల రికవరీ కీ లేకుండా బయటినుంచి దాన్ని చదవడం కుదరదు. కుదిరినా చేసేవాణ్ని కాదు. అందులో కంపెనీ ఖాతాదారుల ఫైళ్లు ఇంకా ఉన్నాయి, యంత్రం నాదైనంత మాత్రాన ఆ ఫైళ్లు నావి కావు. అనుమతి లేకుండా కంప్యూటరులోకి చొరబడటాన్ని నేరంగా చూసే ఫెడరల్ చట్టం ఈ దేశంలో 1986 నుంచి ఉంది. వీసా కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డవాడు అలాంటి చట్టం అంచు దాకా కూడా పోకూడదని నా గట్టి నమ్మకం.

ఇక అడగడమే మార్గం. కంప్యూటరు ఇబ్బందులు చూసే హెల్ప్‌డెస్క్‌లో టికెట్, అంటే ఫిర్యాదు పెట్టాలంటే కంపెనీ లాగిన్ కావాలి, నా లాగిన్‌ను చివరి రోజు సాయంత్రమే మూసేశారు. హెచ్ఆర్ వాళ్ల ఉమ్మడి మెయిల్‌కు రెండుసార్లు రాస్తే, అందిందన్న జవాబు మాత్రం వచ్చింది. చివరికి మా పాత మేనేజరుకు, నాలుగేళ్లు కలిసి పనిచేసిన చనువుతో, సంగతంతా రాసి, ల్యాప్‌టాప్ అడుగున అంటించిన చీటీని ఫొటో తీసి పంపాను. బార్‌కోడు, దాని కింద కంపెనీ ఆస్తి నంబరు, పక్కనే తయారీదారు సీరియల్ నంబరు, ఒక మూల అరిగి సగం చెరిగిన అంకె. నా తరఫున ఆవిడే టికెట్ పెట్టారు. అది హైదరాబాద్ బృందానికి చేరింది.

వాళ్లతో మాట్లాడాలంటే ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. ఫోనెత్తిన కుర్రాడు నా పేరు వినగానే తెలుగులోకి వచ్చేశాడు. “అన్నా, మీ మెషీన్ అడ్మిన్ పాస్‌వర్డ్ నాకు కనిపిస్తూనే ఉంది, కానీ బయటివాళ్లకు చెప్పడానికి మాకు పర్మిషన్ లేదన్నా” అన్నాడు. బయటివాళ్లు అన్న మాట దగ్గర అతని గొంతు తగ్గింది. తప్పు అతనిది కాదు, నియమం కూడా సబబైనదే.

అసలు ఏర్పాటేమిటో అతనే ఓపికగా చెప్పాడు. విండోస్‌లో పుట్టుకతో ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతా విస్టా కాలం నుంచీ మామూలుగా మూసే ఉంటుంది. కంపెనీలు దాన్నో, అలాంటి ఇంకో స్థానిక ఖాతానో తెరిచి, ఒక్కో యంత్రానికి ఒక్కో యాదృచ్ఛిక పాస్‌వర్డ్ పెట్టి, నెలకోసారి మార్చే పనిని ల్యాప్స్ అనే సాధనానికి అప్పగిస్తాయి. ఆ పాస్‌వర్డ్ కంపెనీ డైరెక్టరీలోనే, అంటే ఖాతాలూ యంత్రాలూ నమోదై ఉండే జాబితాలోనే, భద్రంగా ఉంటుంది. నా యంత్రం ఆ డైరెక్టరీకి దూరమై మూడు వారాలు దాటింది కాబట్టి చివరి పాస్‌వర్డ్ అలాగే నిలిచిపోయింది. మరి నా పాత లాగిన్ ఇంకా ఎందుకు తెరుచుకుంటోందంటే, ఆఫీసు సర్వర్ అందనప్పుడు పనికొచ్చేలా ఆ ధ్రువీకరణను యంత్రం తనలోనే దాచుకుని ఉంటుంది. ఆ లాగిన్ ఇంటి లోపలికి రానిస్తుంది గాని, పెత్తనం ఇవ్వదు.

కంపెనీ ఒప్పుకున్న దారి ఒక్కటే, డిస్క్ అంతా చెరిపి విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడం. ముందుగా హెచ్ఆర్ అనుమతి తీసుకుని, నా జీతం చీటీలు, వీసా అనుమతి నోటీసులైన ఐ-797లు, డిగ్రీ కాగితాల స్కాన్‌లు మాత్రం నా సొంత మెయిల్‌కు పంపుకున్నాను. 29వ రోజున స్నేహితుడి కంప్యూటరులో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, డిస్క్‌లోని పాత విభాగాలన్నీ తొలగించి విండోస్ ఎక్కించాను. వైఫై కలపగానే, కొత్త యంత్రం పలకరించాల్సిన చోట పాత కంపెనీ లోగో వచ్చి నిలబడింది, కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవమంది. మా ఆవిడ పక్కనే ఉంది. ఏమైందని అడిగితే, ఏమైందో నాకూ వెంటనే అర్థం కాలేదు.

దాన్ని ఆటోపైలట్ అంటారు. కంపెనీ కొన్నప్పుడే యంత్రం తాలూకు హార్డ్‌వేర్ గుర్తు మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ కంపెనీ పేరు మీద నమోదవుతుంది. డిస్క్ చెరిపినా, డిస్క్‌నే మార్చినా ఆ నమోదు పోదు. దాన్ని తీసేయవలసింది కంపెనీయే. ఈ ఒక్క పనికి ఇంకో టికెట్, ఇంకో పదకొండు రోజులు పట్టాయి. ఆ పదకొండు రోజులూ ఇంటర్వ్యూ పరీక్షలు స్నేహితుడి ఇంట్లో, అతను ఆఫీసుకు వెళ్లిన వేళల్లో రాశాను. అందుకే లేఆఫ్ అయిన తెలుగువాళ్లెవరు ఫోన్ చేసినా ఇప్పుడు మొదట ఇదే అడుగుతున్నాను: ల్యాప్‌టాప్ ఉంచుకోమన్న లేఖలో సీరియల్ నంబరు రాశారా, ఆటోపైలట్ నుంచీ మిగతా నిర్వహణ సాధనాల నుంచీ తొలగిస్తామని రాశారా, మీ లాగిన్ పనిచేస్తున్న రోజుల్లోనే ఆ టికెట్ పెట్టారా?

40వ రోజు రాత్రి హైదరాబాద్ నుంచి మెసేజ్ వచ్చింది, “తీసేశాం అన్నా, ఒకసారి మళ్లీ మొదట్నుంచి ఎక్కించండి.” ఎక్కించాను. ఈసారి లోగో రాలేదు. యంత్రానికి ఏ పేరు పెట్టుకుంటారని అడిగింది, అమ్మాయి పేరు పెట్టాను. సెట్టింగుల్లో నా పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అన్న మాట చూసి, పడుకున్న మా ఆవిణ్ని లేపి చూపించాను.

కొత్త కంపెనీ పిటిషన్ 52వ రోజున దాఖలైంది. హెచ్ఆర్ లేఖనూ, నమోదు తీసేసినట్టు ధ్రువీకరించిన మెయిల్ ప్రింటునూ ఐ-797లు ఉండే ఫైల్లోనే పెట్టాను. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న చీటీని మాత్రం పీకలేదు. రేపు ఎవరైనా అడిగితే లేఖలోని నంబరూ ఆ నంబరూ ఒకటేనని చూపించాలి కదా.