వనపర్తి బాకు: పిడి ఇంకా ఊగుతూనే ఉంది

నేను బాగుచేస్తున్న పాత బాకు పిడి మళ్ళీ ఊగుతోంది. రాత్రంతా ఇసుక డబ్బాలో నిటారుగా నిలబెట్టి, పొద్దున తీసి మొన దగ్గర డయల్ గేజ్ (కదలికను కొలిచే ముల్లు మీటరు) పెడితే అటూ ఇటూ కలిపి 2.2 మిల్లీమీటర్లు చూపించింది. పోయినసారి 3 ఉండె. బాగుపడిందని సంబరపడాలో, ఇంత చేస్తే తగ్గింది 0.8 మాత్రమేనా అని తల పట్టుకోవాలో అర్థం కావడం లేదు.

బాకు వనపర్తిలో ఒక రిటైర్డ్ టీచర్ గారిది. వాళ్ళ వంశంలో ఒకాయన గుర్రపు ఫౌజులో ఆఫీసరట, ఆయనకు దర్బారులో ఇచ్చిన బహుమానమని ఇంట్లో చెప్పుకుంటారు. అలుగు, అంటే కత్తి రేకు, 21 సెంటీమీటర్లు, బాగా వెడల్పున్న చోట 38 మిల్లీమీటర్లు. ఆయుధాల చట్టంలో చెప్పిన 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పుకు లోపలే ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. పిడి ఇనుముదే, లోపల బోలు, పైన బంగారు తీగతో కోఫ్త్‌గరీ పని, అంటే ఇనుము మీద గరుకు గీతలు గీసి వాటికి బంగారం పట్టించడం. తుప్పు వదిలింది. అలుగు మీద జౌహర్ గీతలు (ఉక్కులోనే ఉండే అలల్లాంటి గీతలు) కూడా తేలాయి, యాసిడ్ ముట్టించకుండానే.

ఇక పిడి సంగతి. అలుగు తోక, అంటే పిడిలో దూరే సన్నటి కొస, లోపలికి దిగేది 41 మిల్లీమీటర్లే, మందం 4. రివిట్ లేదు, మేకు లేదు, మొత్తం భారం లక్క మీదే. పాత లక్క పొడిపొడిగా రాలిపోతే తీసేసి కొత్తది నింపుతున్నా. నా పాళ్ళు ఇవి: బటన్ లక్క (బిళ్ళలుగా దొరికే లక్క) రెండు వంతులు, మెత్తటి ఇటుక పొడి ఒక వంతు, గుగ్గిలం పావు వంతు. తేనెమైనం కలపమని చాలామంది అంటారు కానీ మన ఎండలకు అది పనికిరాదు. లక్క 65, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మైనం కలిస్తే ఇంకా ముందే. ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ఎండలో ఇనుప పిడిని మేడ మీద పెట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే 58 చూపించింది. మెరిసే లోహం మీద ఆ మెషీన్ తప్పు చెబుతుంది, అందుకే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూశా. అంటే మైనం కలిపి, కారు డాష్‌బోర్డు మీద పెట్టుకుని వనపర్తి దాకా పోతే దారిలోనే పిడి వదులైపోవచ్చు.

మొదట కరిగించి పోశాను. చల్లారాక ఊగింది. మళ్ళీ వేడి చేసి లాగి చూస్తే లోపల లక్క ఇడ్లీలా బొక్కలు బొక్కలుగా ఉంది. ఇటుక పొడిలోని తేమ ఆవిరై బుడగలు కట్టి ఉంటుందని అనుమానం వచ్చి, పొడిని పెనం మీద గంటసేపు వేయించి వాడాను. చిన్న బుడగలు పోయాయి కానీ అడుగున, పిడి గుండు వైపు, కందిగింజంత ఖాళీ ఒకటి మిగిలింది. అక్కడి నుంచి గాలి బయటికి పోయే దారే లేదు. తోక దిగుతుంటే గాలి అడుగున చిక్కి, లక్క ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తోకను పైకి నెడుతోంది. చేత్తో పట్టుకుంటే ఆ తోపు తెలుస్తుంది, ఒక మిల్లీమీటరు మెల్లగా పైకి లేస్తుంది.

అందుకని ఈసారి పాత పద్ధతి పట్టాను: లక్క మిశ్రమాన్ని పొడి చేసి పిడిలో కూరి, తోకను కాల్చి అందులోకి దించడం. గాలి పొడి సందుల్లోంచి పైకి వచ్చేస్తుంది, ఖాళీ మిగలదు. మిగలలేదు కూడా. కానీ ఇక్కడ ఇంకో తలనొప్పి. తోక సన్నం, వేడి నిలవదు. సగం దిగేసరికి చల్లబడి బిగుసుకుపోతోంది, చివరి 15 మిల్లీమీటర్ల దగ్గర లక్క సరిగా కరగకుండా గరుగ్గానే ఉండిపోతోంది. ఇంకా ఎర్రగా కాలుద్దామంటే ఆ వేడి అలుగులోకి పాకి పదును చెడుతుంది, 200 డిగ్రీలు దాటితే ఉక్కు టెంపర్ (గట్టిదనం) దిగడం మొదలు. అలుగు భుజం దగ్గర, అంటే తోక మొదలయ్యే చోట, తడిగుడ్డ చుట్టి కాలుస్తున్నా, అయినా వేడి ఆ హద్దు అంచునే ఉంది. పిడిని బయట నుంచి మంట పెట్టి వేడి చేయొచ్చుగా అంటారు. ఇనుము 290 దగ్గర నీలం తిరుగుతుంది, బంగారం పక్కన నీలం మచ్చ వస్తే ఇంకెవరూ తీయలేరు.

ఇంకో అనుమానం లక్క మీదే. మళ్ళీ మళ్ళీ కరిగిస్తే లక్క ముదిరిపోతుంది, రబ్బరులా సాగుతుంది గానీ పారదు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒకామెను అడిగితే "ఒక్కసారి కాగినదాన్ని మళ్ళీ కాచొద్దు బిడ్డా, కొత్తది తీస్కో" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పాత ముద్దలన్నీ పక్కన పెట్టేశాను.

అరాల్డైట్ జిగురు పోసి చేతులు దులుపుకోమని సలహా ఇచ్చేవాళ్ళకు ఒకటే మాట: అది మళ్ళీ ఊడదు. రేపు ఎవరైనా విప్పాలంటే పిడిని కోయాలి. లక్క అయితే వేడి నీళ్ళ ఆవిరికి వదిలేస్తుంది. బ్రాసో పాలిష్ మీద కూడా నాకు కోపమే, ఇత్తడి చెంబులకు మంచిది గానీ అందులో రాపిడి పొడి ఉంటుంది, కోఫ్త్‌గరీ బంగారం వెంట్రుక మందం కూడా ఉండదు. పైపూతకు రినైజాన్స్ వాక్స్ అనే మైనం ఖరీదే, అయినా దాన్ని మించింది నాకు కనబడలేదు.

నిన్న టీచర్ గారు ఫోన్ చేసి "ఏమాయె తమ్మీ, పిడి కూసుందా?" అన్నారు. ఇంకా లేదు సార్ అని, మాట మార్చి అలుగు వీపు మీది రాత గురించి చెప్పా. ఆయనకు అదే ఇష్టం, నాకూ అంతే. ఫార్సీ అక్షరాల్లో "రిసాల్దార్" (గుర్రపు ఫౌజులో ఆఫీసరు), "బహదూర్" స్పష్టంగా ఉన్నాయి, మధ్యలో పేరు అరిగిపోయింది. హిజ్రీ సంవత్సరంలో మొదటి రెండు అంకెలు 12. అంటే 1785 చివరి నుంచి 1882 దాకా ఎప్పుడైనా కావొచ్చు. మూడో అంకెలో బంగారం ఊడింది కానీ ఒక ఏటవాలు గీత మిగిలింది. ఫార్సీలో 7 ఇంగ్లీషు వి లాగ, 8 దాన్ని తలకిందులు చేసినట్టు ఉంటుంది. మిగిలిన కాలు వి ఎడమ కాలైనా కావొచ్చు, తలకిందుల వి కుడి కాలైనా కావొచ్చు. 7 అయితే 1853–63, 8 అయితే 1863–73.

7 అయితే కథ వేడెక్కుతుంది. 1853 ఒప్పందంతో బేరార్‌ను ఈస్టిండియా కంపెనీ చేతికిచ్చింది హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో కంపెనీ ఆఫీసర్లు నడిపిన ఫౌజు) కోసమే, 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం) మీద దాడి చేసిందీ ఆ కాలంలోనే. ఆ రోజుల్లో ఒక రిసాల్దారుకు బాకు ఎవరిచ్చారు, ఏ పనికి ఇచ్చారు? ఇంట్లోవాళ్ళు నిజామే ఇచ్చాడంటారు. ఫార్సీ ఉంది కదా అంటారు. ఫార్సీ అప్పటి సర్కారు భాష, దాన్ని బట్టి ఇచ్చిందెవరో తేలదు. వనపర్తి రాజా రామేశ్వరరావుకూ సొంత ఫౌజు ఉండేది, ఆయన పెంచిన సిద్దీ (ఆఫ్రికా మూలాల) రౌతులే తర్వాత నిజాం కొలువుకు చేరారు, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌దే. నాకైతే వనపర్తి సంస్థానం వైపే మొగ్గు.

కోఫ్త్‌గరీలో బంగారం ఊడినా దాన్ని పట్టి ఉంచడానికి ఇనుము మీద గీసిన అడ్డుగీతలు మిగులుతాయి. కాబట్టి చీకటి గదిలో టార్చిని అలుగుకు దాదాపు సమాంతరంగా పెట్టి, నాలుగు వైపుల నుంచీ మాక్రో లెన్స్‌తో ఫోటోలు తీసి కలిపి చూడాలి. రెండో కాలు పైన కలిస్తే 8, కింద కలిస్తే 7. పేరు కూడా అట్లాగే దొరుకుతుందేమో.

పిడికి తర్వాతి ప్లాన్: తోక పక్కకు పలచటి రాగి రేకు చుట్టి మందం పెంచి వేడి నిలబెట్టడం, పిడిని 85 డిగ్రీల వేడి ఇసుకలో ముందే కూర్చోబెట్టి అప్పుడు దించడం. లక్క కొత్తదే, ఇటుక పొడి కూడా మళ్ళీ జల్లెడ పట్టాలి. ఒర పని ఆ తర్వాత; పొణికి చెక్క అనుకుంటున్నా, తేలిక, సులువుగా చెక్కొచ్చు. టేకు వద్దంటున్నారు కొందరు, నూనె వదులుతుందని. పైన మఖ్మల్ ఎరుపా ఆకుపచ్చా అన్నది టీచర్ గారి ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది.