పెద్దమ్మ అడిగిన మాట

నిన్న దేవరకొండలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నాం. చెల్లె కాలేజీ డిబేట్‌కి చదువుకుంటోంది: మనిషి క్లోనింగ్‌ను, అంటే ఒకరి కణం నుంచి అవే జన్యువులతో ఇంకొకరిని పుట్టించడాన్ని, నిషేధించాలా, వద్దా? వింటూ వింటూ పెద్దమ్మ అడిగింది, "అయితే మా పెద్దోడిని మళ్లీ పుట్టించొచ్చా బిడ్డా?"

అన్న పోయి మూడేళ్లు. నాకు గొంతు పట్టేసింది.

1996లో స్కాట్లాండ్‌లో గొర్రెను క్లోనింగ్ చేయడానికి 277 సార్లు ప్రయత్నిస్తే బతికి పుట్టింది డాలీ అనే గొర్రెపిల్ల ఒక్కటే. ఆ మిగతా 276 చోట్ల పసిపిల్లల్ని ఊహించుకోలేను. బిడ్డల్ని పుట్టించే క్లోనింగ్‌ను నిషేధించాల్సిందే. జబ్బులకు వైద్యం వెతకడానికి క్లోనింగ్‌తో చేసే కణాల పరిశోధన మాత్రం ఆగొద్దు. 2005లో ఐక్యరాజ్యసమితి అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ వద్దన్నప్పుడు మన దేశం వ్యతిరేకంగా ఓటేసింది, మంచి పనే చేసింది.

"పోలిక వస్తుంది పెద్దమ్మా, అన్న రాడు" అన్నాను. ఆమె కొంగుతో ఫోటో తుడిచి, మళ్లీ గోడకు తగిలించింది.