612 ఫోటోలు, అన్నీ ఒకే మంగళవారం

నిన్న రాత్రి పదకొండింటికి ఆఖరి ఫోటోకి కూడా దాని తేదీ దానికి వచ్చేసింది. ఆ వేడి మీదే ఇది రాస్తున్నా, రెండు రోజులాగితే కోపం చల్లారిపోతుంది.

నాన్నగారి సహస్ర చంద్ర దర్శనానికి ఫోటోల పుస్తకం చేయిద్దామనుకున్నాం. 2012 నుంచి 2016 దాకా ఆయన తన చిన్న కెనాన్ పవర్‌షాట్‌తో తీసినవి 612. చీకటిగా ఉన్నవాటికి వెలుతురు పెంచి, అడ్డంగా పడుకున్నవాటిని నిలబెట్టి, అంచులు కత్తిరించి, మూడు వారాలు రోజూ వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని చేశాను. చివర్లో సైజు తగ్గిద్దామని అన్నిటినీ ఒకేసారి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి సేవ్ కొట్టాను. అదే ఫోల్డర్, అవే పేర్లు, పాతవాటి మీదే. అందులో మెటాడేటా, అంటే ఫోటోతో పాటు ఫైల్లో ఉండే తేదీ లాంటి వివరాలు, తీసేయాలా అన్న గడికి టిక్కు ముందే పెట్టి ఉంది. నేను చూళ్ళేదు.

తేదీల వారీగా పేర్చమంటే తిరుపతి, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్, పుష్కరాలు, పెద్దత్తయ్య షష్టిపూర్తి అన్నీ మొన్నటి మంగళవారం రాత్రే జరిగాయని చూపించింది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. కెమెరా ఫోటో తీసినప్పుడు ఆ ఫైల్లోనే ఎక్సిఫ్ అని ఒక చీటీ రాసి పెడుతుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ మోడల్ కెమెరా, షట్టర్ వేగం ఎంత, లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్ అయితే ఏ ఊళ్ళో అన్నది కూడా. విండోస్ చూపించే ‘మార్చిన తేదీ’ ఇది కాదు, అది ఫైలు మీద మనం చెయ్యి వేసిన రోజు. నేను ఆ చీటీలన్నీ చింపి పారేశానన్నమాట. పేర్లలో నంబర్లు ఉన్నాయిగా, వరస తెలుస్తుందిగా అని మా ఆయన అన్నారు. తెలుస్తుంది, కానీ తమ్ముడి నైకాన్ ఫోటోలతో కలిపి పేర్చాలంటే నంబరు పనికిరాదు, తేదీ కావాలి.

మిగిలిన దారి నాన్నగారి పాత 8 జీబీ కార్డు. నాలుగేళ్ళ ఫోటోలూ అందులోనే ఉంచి, 2016లో ఒకేసారి కట్ చేసి కంప్యూటర్లో పేస్ట్ చేశారు, ఆ తర్వాత ఫోన్ కొన్నాక కెమెరా బీరువాలోకి పోయింది. చెరిపిన ఫైలు వెంటనే పోదు, దాని చోటు ఖాళీ అని మాత్రం కార్డు రాసుకుంటుంది, వేరేది వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది. ఈ ముక్క నేను డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. అయినా సొంత కార్డు చేతిలోకి వచ్చేసరికి చెయ్యి వణికి, డేటా రికవరీ అని బోర్డు పెట్టిన షాపుకి పట్టుకెళ్ళాను.

కౌంటర్లో ఉన్నది నా పాత స్టూడెంటు. నేను గుర్తుపట్టలేదు, అతను పట్టాడు. సంగతంతా విని, పక్కన నలుగురు కస్టమర్లు ఉండగా, ‘అయ్యో మేడమ్, బ్యాకప్ లేకుండా ఒరిజినల్ ముట్టుకోకూడదని మాకు చెప్పింది మీరే కదా’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగా ఆశ్చర్యపోయే అన్నాడు. అందుకే ఇంకా మండింది. లామినేషన్ కోసం వచ్చిన ఒకావిడ నవ్వింది కూడా. 3,000 అడ్వాన్సు కట్టి, మూడు రోజులాగి వెళ్తే పెన్‌డ్రైవ్‌లో 140 ఫోటోలు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తెరిస్తే అన్నీ తపాలా బిళ్ళంత. 160కి 120 చుక్కలు. అసలు ఫోటోలు కావవి, కెమెరా తెర మీద తొందరగా చూపించడానికి ప్రతి ఫైల్లోనూ దాచుకునే బుల్లి నకళ్ళు! మళ్ళీ వెళ్ళి అడిగితే ‘కార్డులో అంతే ఉంది మేడమ్’ అన్నాడు. తేదీల సంగతేమిటంటే, ‘మీకు ఏ తేదీ కావాలో చెప్పండి, అది వేసి ఇస్తాను, ఫోటోకి పది రూపాయలు’ అన్నాడు. తేదీ వేసి ఇవ్వడమేమిటి నాయనా, ఇదేమన్నా పుట్టిన తేదీ సర్టిఫికెట్టా? బయటికొచ్చి స్కూటీ స్టార్ట్ చెయ్యబోతే చేతిలో ఉన్నది ఇంటి తాళం చెవి. డబ్బు గురించి కాదు, ఆ కౌంటర్ ముందు పద్దెనిమిదేళ్ళ సర్వీసూ నన్ను చూసి నవ్వినట్టయింది.

సరే, నేనే కూర్చున్నాను. ముందు కార్డు పక్కనుండే బుల్లి లాకును కిందికి లాగాను, దాని మీద ఇంకేమీ రాయకుండా. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపి, వచ్చినవి వేరే డిస్కులో పడేలా పెట్టాను. గంటన్నరలో 590 ఫోటోలు, పూర్తి సైజువి, చీటీలతో సహా! కాకపోతే అది పాత పేర్లు ఇవ్వదు, ఏవో పొడుగు నంబర్లు తగిలిస్తుంది. నేను దిద్దినవాటికి పేర్లున్నాయి తేదీల్లేవు, వీటికి తేదీలున్నాయి పేర్లు లేవు. ఏది దేనికో జతపెట్టాలి. మొదటి రాత్రి కళ్ళతో చూసి 37 కలిపాను, నడుం పట్టేసింది.

రెండో రాత్రి ఆ చీటీలు చదివి మార్చే ప్రోగ్రాం ఎక్సిఫ్‌టూల్‌తో చీటీ మొత్తం చదివిస్తే, కెనాన్ సొంతంగా రాసుకునే భాగంలో ఫైల్ నంబర్ అని ఒక వరస కనపడింది: 100-0412. అంటే వందో ఫోల్డర్లో 0412వ ఫోటో. ఫైలు పేరులో ఉండేదీ ఆ 0412 అంకే! లేచి నిలబడ్డాను. దాన్ని బట్టి పేర్లు మార్చమని ఒక్క కమాండ్, ఆ చీటీలు నా దిద్దిన ఫోటోలకి ఎక్కించమని ఇంకొకటి, అయిపోయింది. ఇది ఎవరూ చెప్పింది కాదు, నా బుర్రే. ఒక పొరపాటు చేశాను, నిలువు ఫోటోలు మళ్ళీ పడుకున్నాయి, ఎటు తిప్పాలన్న సమాచారం కూడా వచ్చేసింది మరి. దాన్ని వదిలేసి మళ్ళీ ఎక్కించాను. ఎక్సిఫ్‌టూల్ పాత ఫైలుని పక్కన ఉంచే మార్పు చేస్తుంది కాబట్టి బతికాను.

తమ్ముడు డల్లాస్ నుంచి తన ఫోటోలు మొదట వాట్సాప్‌లో పంపాడు, చీటీలన్నీ దారిలో ఊడిపోయాయి. డాక్యుమెంట్‌గా పంపరా అంటే రెండోసారికి పంపాడు. అన్నీ కలిపి నాన్నగారికి చూపిస్తే ఒకచోట ఆగారు. గోదావరి పుష్కరాల్లో తమ్ముడు తీసినది, రాజమండ్రి కోటిలింగాల ఘాట్‌లో మేమంతా మునిగి లేచిన ఫోటో, కింద 2015 జూలై 14 సాయంత్రం ఆరున్నర. ‘అమ్మాయ్, ఆ రోజు పొద్దున్నే కదా తొక్కిసలాట అయింది. ఆ రోజంతా గడప దాటలేదు మనం’ అని డైరీ తెచ్చి చూపించారు. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి స్నానం. తమ్ముడి కెమెరా గడియారం డల్లాస్ టైములోనే ఉండిపోయింది, జూలైలో మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా. నైకాన్ మోడల్ ఉన్న ఫోటోలకి మాత్రమే పదిన్నర గంటలు కలపమన్నాను.

కార్డులో దొరకని 22 ఫోటోలకి నాన్నగారి డైరీ చూసి చేత్తో తేదీలు వేశాను, ఫోటోకి పది రూపాయలు తీసుకోకుండా.

పొద్దున ఆ షాపు అబ్బాయి ఫోన్ చేశాడు. ఎవరో చెప్పారట నాకు అన్నీ దొరికాయని. ‘ఎలా చేశారు మేడమ్?’ అన్నాడు. 3,000 వెనక్కి ఇచ్చాక చెబుతానన్నాను.