రాత్రి షిఫ్టులో బాండ్ రచయితల పక్షాన

జేమ్స్ బాండ్ అనే బ్రిటిష్ గూఢచారి సినిమాల్లో ఒకటైన ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008) అంత పేలవంగా తయారవడానికి కారణం దర్శకుడా, రచయితలా? మా గోదాములో ఈ వాదన ఏళ్లుగా తెగడం లేదు. నాది మొదటి నుంచీ రచయితల పక్షం.

హీత్రో విమానాశ్రయం పక్కన సరుకుల గోదాములో రాత్రి షిఫ్టు మాది. విమానాల్లోంచి దిగిన సరుకును విప్పి, కాగితాలతో సరిచూసి, తెల్లవారేలోగా లారీలకు ఎక్కించాలి. ఘనా, పోలండ్, పంజాబ్... ఒక్కొక్కరిది ఒక్కో దేశం, ఒక్కో భాష. ఫుట్‌బాల్ తర్వాత అందరం తలదూర్చగలిగే విషయం జేమ్స్ బాండ్ ఒక్కటే. పైగా బాండ్ సినిమాలు తీసే పైన్‌వుడ్ స్టూడియో ఇక్కడికి ఉత్తరాన కొద్ది మైళ్లే.

లండన్‌లో పుట్టి పెరిగిన లారీ డ్రైవరు ఒకాయన ఉన్నారు. వయసులో మా అందరికన్నా పెద్ద. ఆయన లెక్కలో సినిమా అంటే దర్శకుడే. 1969లో వచ్చిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ను మించిన బాండ్ సినిమా లేదంటారు. దాని దర్శకుడు పీటర్ హంట్ అంతకుముందు తొలి బాండ్ చిత్రాలకు ఎడిటర్. మంచుకొండల మీది పోరాటాలకు ఆ వేగం ఎడిటింగ్ బల్ల దగ్గర నేర్చిన విద్యేనని పెద్దాయన చెబుతుంటే కాదనలేను. కానీ పెళ్లయిన రోజునే బాండ్ భార్యను పోగొట్టుకునే ఆ ముగింపు బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ నవలలోది. దాన్ని తీపి చేయకుండా తెర మీదికి తెచ్చిన స్క్రీన్‌ప్లే రిచర్డ్ మైబామ్‌ది. 1962 నుంచి 1989 దాకా వచ్చిన మొదటి 16 చిత్రాల్లో 13 చిత్రాలకు ఆయన ఒంటరిగానో, మరొకరితో కలిసో రాశారు. దర్శకులు మారారు, బాండ్‌లు మారారు, ఆయన మాత్రం ఉన్నారు. అయినా ఆ పేరు చెబితే మా విరామ గదిలో ఎవరికీ తెలియలేదు. అది నాకు నిజంగా కష్టం కలిగించింది.

పెద్దాయన దగ్గర గట్టి అస్త్రమే ఉంది. 2002లో మాయమైపోయే కారుతో ‘డై అనదర్ డే’ రాసింది నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్. నాలుగేళ్లకు ‘క్యాసినో రాయల్’ రాసినవాళ్లలోనూ ఆ ఇద్దరే ఉన్నారు. మరి మొదటిది తేలిపోయి, రెండోది నిలబడటంలో తేడా ఎక్కడిది? మార్టిన్ క్యాంప్‌బెల్ దర్శకత్వం వల్ల కాదా? ఆగిపోయిన బాండ్ బండిని 1995లో ‘గోల్డెన్‌ఐ’తో కదిలించిందీ ఆయనే కదా? ఈ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ‘క్యాసినో రాయల్’కు 1953 నాటి ఫ్లెమింగ్ నవల ఆధారంగా దొరికింది, మరో రచయిత పాల్ హాగిస్ కూడా వచ్చి చేయి వేశారు. మిగతా సగం క్యాంప్‌బెల్‌దే.

‘క్వాంటమ్’ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. 2007 నవంబరులో అమెరికా రచయితల సంఘం సమ్మెకు దిగింది. పూర్తిగా చెక్కని స్క్రిప్టుతోనే చిత్రీకరణ మొదలైంది. దర్శకుడు మార్క్ ఫోర్స్టర్, తాను కలిసి కొన్ని సన్నివేశాలు రాసుకోవలసి వచ్చిందని బాండ్‌గా నటించిన డేనియల్ క్రెయిగ్ తర్వాత బహిరంగంగానే చెప్పారు. ఇది కొత్తేమీ కాదు. 1988 సమ్మెలో మైబామ్ కలం పక్కన పెడితే మరో బాండ్ చిత్రం ‘లైసెన్స్ టు కిల్’ స్క్రీన్‌ప్లేను ఆయన సహరచయిత మైకేల్ జి. విల్సన్ పూర్తి చేశారు. మా యూనియన్ ప్రతినిధి పంజాబీ ఆవిడ. బాండ్ సినిమాలంటే పెద్దగా పట్టదు కానీ, ఈ మాట విని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. “చేతులు లేనప్పుడు పని పాడైందంటే, ఆ చేతుల విలువ ఎంతో తెలిసినట్టే కదా!” అన్నారు. పెద్దాయన ఆ రోజు మారు మాట్లాడలేదు.

నన్ను ఈ సినిమాలకు కట్టిపడేసింది ఇంకొకటి. బ్రిటన్ గర్వంగా చూపుకునే ఈ గూఢచారిని తీర్చిదిద్దిన వాళ్లలో బయటివాళ్లు ఎందరో! మైబామ్ అమెరికన్. నిర్మాతల్లో హ్యారీ సాల్ట్జ్‌మన్ కెనడాలో, ఆల్బర్ట్ బ్రొకోలీ న్యూయార్క్‌లో పుట్టారు. ఆ బ్రహ్మాండమైన సెట్లు వేసిన కెన్ ఆడమ్ బెర్లిన్‌లో పుట్టిన యూదు. నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో ఇంగ్లండ్ చేరి, యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళ పైలట్ అయ్యారు. క్యాంప్‌బెల్‌ది న్యూజీలాండ్. పాస్‌పోర్టులు, వీసా గడువుల మధ్య బతికే మాకు ఈ జాబితా ఊరికే పోదు.

2025లో కొత్త బాండ్‌కు డెనీ విల్నూవ్ దర్శకుడని ప్రకటించగానే పెద్దాయన ముఖం వెలిగింది. కొన్ని వారాలకు రచయితగా స్టీవెన్ నైట్ పేరు వచ్చినప్పుడు నా సంతోషం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. 2002 నాటి ‘డర్టీ ప్రెటీ థింగ్స్’ కథ ఆయనదే. నైజీరియాలో వైద్యుడిగా బతికినవాడు లండన్‌లో పగలు టాక్సీ నడుపుతూ, రాత్రి హోటల్లో పనిచేస్తుంటాడు. పని చేసే హక్కు లేని తుర్కియే అమ్మాయి అదే హోటల్లో గదులు శుభ్రం చేస్తుంటుంది. ఆ సినిమాను మా ఘనా మిత్రుడికి ఇచ్చాను. మర్నాడు రాత్రి ప్యాలెట్లు దించుతూనే, రాత్రి డ్యూటీల సంగతి ఆ రాసినాయనకు ఎలా తెలుసని అడిగాడు. విల్నూవ్‌కు అంత పేరున్నా, కొత్త బాండ్ కథ ఎవరు రాస్తున్నారన్నది ఇప్పుడు అతనూ అడుగుతున్నాడు.