టోకమాక్ అంచున ఎలక్ట్రోడ్ పెట్టి వోల్టేజీ ఇచ్చేటప్పుడు

1982లో జర్మనీలోని గార్చింగ్‌లో, ఆస్‌డెక్స్ టోకమాక్‌లో (ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువును, అయస్కాంత క్షేత్రంతో ఉంగరంలా బంధించే యంత్రం) హెచ్-మోడ్ అనే స్థితి బయటపడింది. హీటింగ్ పవర్ ఒక హద్దు దాటగానే ప్లాస్మా అంచున అలజడి ఒక్కసారిగా అణగి, శక్తి నిలిచే కాలం దాదాపు రెట్టింపైంది. 1989లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు సీసీటీ టోకమాక్‌లోకి ఎలక్ట్రోడ్ దూర్చి, బయటి నుంచి వోల్టేజీ ఇచ్చి అలాంటి మార్పే తెప్పించారు. చిన్న మెషీన్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం. మెగావాట్ల హీటింగ్ అక్కర్లేకుండా అదే భౌతికశాస్త్రాన్ని చూడొచ్చు.

లెక్క సులువు. ఎలక్ట్రోడ్ వోల్టేజీ అంచున విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది, అది ప్లాస్మాను తిప్పుతుంది. విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే ప్లాస్మా తిరిగే వేగం వస్తుంది. మీటరుకు 10 కిలోవోల్టులు, 1 టెస్లా అయితే సెకనుకు 10 కిలోమీటర్లు. కానీ అంతా ఒకే వేగంతో తిరిగితే లాభం లేదు, అలజడిలోని సుడులు కూడా దాంతోపాటే తిరుగుతాయి. ఆ వేగం 1 సెంటీమీటరు మందంలోనే సున్నాకు పడిపోవాలి. అప్పుడు షియర్ (పొర నుంచి పొరకు వేగం మారే తీరు) సెకనుకు 10 లక్షలు. అంచున సుడి ఆయుష్షు 10 మైక్రోసెకన్ల లెక్కలో ఉంటుంది కాబట్టి అది ఎదిగేలోపే సాగి చిరిగిపోతుంది. అందుకే "300 వోల్టులు ఇచ్చాం" అన్న మాట ఒక్కటే నాకు ఏమీ చెప్పదు. ఆ 300 ఎంత మందంలో పడిందో చెప్పాలి.

ఎలక్ట్రోడ్ తల లిమిటర్ (ప్లాస్మా అంచు ఎక్కడో నిర్ణయించే ఘన పలక) కంటే లోపలికి, మూసుకున్న అయస్కాంత తలాల్లో, అంటే క్షేత్రరేఖలు దేనికీ తగలకుండా తిరిగే చోట ఉండాలి. చిన్న టోకమాక్‌లో 1 నుంచి 3 సెంటీమీటర్లు చాలు. బయటే ఉంటే కరెంటు క్షేత్రరేఖల వెంట నేరుగా లిమిటర్‌లోకి పోతుంది, ప్లాస్మాకు ఏమీ కాదు. తలకు గ్రాఫైట్ లేదా మాలిబ్డినం, కాడకు బోరాన్ నైట్రైడ్ తొడుగు. ఈ తొడుగు తేమ పీలుస్తుంది, బేక్ చేయకుండా వాడొద్దు. పైగా కొన్ని వందల షాట్ల (ఒక్కోసారి ప్లాస్మా వెలిగించడం ఒక షాట్) తర్వాత దానిపై లోహమో కార్బనో పూతలా పేరుకుని కరెంటు పారుతుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి అప్పుడప్పుడూ చూసుకోవాల్సిందే.

పాజిటివ్ బయాస్ (ఎలక్ట్రోడ్‌కు బయటి నుంచి ఇచ్చే వోల్టేజీ) ఇస్తే ఎలక్ట్రాన్లు వస్తాయి, పదుల ఆంపియర్లు దొరుకుతాయి. నెగటివ్ ఇస్తే అయాన్లే దిక్కు. సాంద్రత ఘనపు మీటరుకు 10^18, ఉష్ణోగ్రత 20 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్న హైడ్రోజన్ ప్లాస్మాలో చదరపు సెంటీమీటరుకు అర ఆంపియరే. 20 చదరపు సెంటీమీటర్ల తలకు 10 ఆంపియర్లతో సరి. అంతకు మించి కావాలంటే వేడెక్కి ఎలక్ట్రాన్లు చిమ్మే లాంథనం హెక్సాబొరైడ్ కావాలి. అది 1,600 డిగ్రీల సెల్సియస్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 10 ఆంపియర్ల దాకా ఇస్తుంది. కానీ గబుక్కున వేడి చేస్తే పగులుతుంది, ఆక్సిజన్ తగిలితే చిమ్మడం మానేస్తుంది. టాంటలం పట్టీతో బిగిస్తే బోరాన్ ఆ లోహంలోకి పాకి పట్టీ పెళుసవుతుంది. గ్రాఫైట్ హోల్డరే మేలు.

పవర్ సప్లైకి కెపాసిటర్ బ్యాంకు చాలు. 50 ఆంపియర్లు 10 మిల్లీసెకన్లు అంటే అర కూలుంబ్. 300 వోల్టుల్లో 30 వోల్టులకు మించి తగ్గుదల ఉండకూడదంటే సుమారు 17 మిల్లీఫారడ్లు కావాలి. అందులో 750 జౌళ్లకు పైగా ఉంటుంది, మనిషి ప్రాణం తీయడానికి అది చాలా ఎక్కువ. ఛార్జిని మెల్లగా దించే బ్లీడర్ రెసిస్టర్, మిగిలింది దించే షార్టింగ్ రాడ్ లేకుండా ముట్టుకోవద్దు. స్విచ్‌గా ఐజీబీటీ (ఆన్, ఆఫ్ రెండూ చేయగల ట్రాన్సిస్టర్) వాడండి. థైరిస్టర్‌ను ఆన్ చేయగలం గానీ, ఆర్క్ వచ్చినప్పుడు ఆపలేం.

ఆర్క్‌కీ, అసలైన మార్పుకీ తేడా స్కోప్‌లోనే కనిపిస్తుంది. ఆర్క్ అయితే వోల్టేజీ కూలి, కరెంటు ఎగుస్తుంది. మార్పు నిజమైతే వోల్టేజీ నిలబడి, కరెంటు తగ్గుతుంది. తిరుగుడు వేగం ఒక హద్దు దాటాక దాన్ని అడ్డుకునే జిగట తగ్గడమే ఇందుకు కారణం.

సాంద్రత పెరగగానే సంబరపడొద్దు. ఎలక్ట్రోడ్ నుంచి రాలిన మలినాలు కూడా ఎలక్ట్రాన్లను పెంచుతాయి. సాంద్రత పెరుగుతుంటే హెచ్-ఆల్ఫా కాంతి (హైడ్రోజన్ వెలువరించే ఎర్ర కాంతి) తగ్గాలి, వర్ణపటంలో కార్బన్ గీతలు, మొత్తం రేడియేషన్ కొలిచే బోలోమీటర్ సిగ్నల్ దాంతోపాటు ఎగబాకకూడదు. ప్రోబ్ ఫ్లోటింగ్ పొటెన్షియల్‌ను (ప్లాస్మాలో పెట్టిన తీగకు కరెంటు పారనప్పుడు కనిపించే వోల్టేజీ) మాత్రమే తీసుకుని క్షేత్రం లెక్కగట్టడం మరో మామూలు పొరపాటు. ప్లాస్మా పొటెన్షియల్ దానికంటే ఎక్కువ, ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉన్న ఉష్ణోగ్రతకు దాదాపు మూడు రెట్లన్ని వోల్టులు. 1 సెంటీమీటరులో ఉష్ణోగ్రత 10 ఎలక్ట్రాన్ వోల్టులు పడితే మీటరుకు 3 కిలోవోల్టుల తప్పు వస్తుంది.

పెద్ద మెషీన్లలో అంచు లోపల ఎలక్ట్రోడ్ కరిగిపోతుంది, అది దాచేది కాదు. మిర్రర్ మెషీన్లలో (రెండు చివర్లు తెరిచి ఉన్న నిటారు గొట్టం లాంటి యంత్రాలు) ఈ చిక్కు లేదు. క్షేత్రరేఖలు రెండు చివర్లా బయటికి వస్తాయి కాబట్టి అక్కడి ప్లేట్లకు బయాస్ ఇస్తారు, రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో జీడీటీ అనే మిర్రర్ మెషీన్‌లో చేసింది అదే. గాంధీనగర్‌లోని ఆదిత్య టోకమాక్‌లో మాత్రం దీన్ని వేరే పనికి వాడారు. గ్యాస్ పఫ్ చేసి కావాలని డిస్రప్షన్ (ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోవడం) తెప్పించబోయి, బయాస్‌తో టేరింగ్ మోడ్‌లను (అయస్కాంత తలాలను చీల్చే అస్థిరతలు) అణచి దాన్ని ఆపారు. అయస్కాంత క్షేత్రపు ఊగులాటలను పట్టే మిర్నోవ్ కాయిల్ సిగ్నల్‌లో ముందస్తు ఊగులాట కనిపించగానే బయాస్ తనంతట తాను ఆన్ అయ్యేలా కూడా చేశారు. ఇలా చేయాలంటే బ్యాంకు షాట్‌కు ముందే నిండా ఛార్జ్ అయి ఉండాలి, ఎలక్ట్రోడ్ లోపలే ఉండాలి.